గంగజాతరలో నోటిదూల

మా బ్యాండు పేరు నోటిదూల. ఆడపిల్ల కాస్త గట్టిగా మాట్లాడితే మా ఊళ్లో పెద్దవాళ్లు అనే మాట అది. తిట్టునే జెండాగా ఎత్తుకోవాలన్న గొప్ప ఆలోచన నాదే. పోస్టరు చూసి నోటి దురదకు మందనుకుని ఒకాయన ఫోన్ చేసి, పూటకెన్ని మాత్రలు వేసుకోవాలని అడిగాడు. అప్పట్లో మాకు అదొక్కటే ఫోన్ కాబట్టి నేను చాలా మర్యాదగా మాట్లాడాను.

మేం ముగ్గురం. నేను ఐశ్వర్య. పాడతాను, గిటార్ కొడతాను, ఆ రెంటికంటే ఎక్కువగా ఉపన్యాసాలిస్తాను. పగటిపూట తిరుపతిలోనే ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటాను. డ్రమ్స్ స్టెల్లావి. అంటే వాయించేది స్టెల్లా, డ్రమ్స్ మాత్రం వాళ్ల చర్చివి. ఆదివారం ప్రార్థన అయ్యాక వాటిని వాడుకోనిస్తారు. అలా మా స్త్రీవాద విప్లవమంతా పాస్టరుగారి దయ మీద నడుస్తోంది. బేస్ గిటార్ కోమలి. దానిది ఐరాల పక్కన పల్లె. తిరుపతిలో లేడీస్ హాస్టల్లో ఉంటూ, రోజూ చీకటితో లేచి బస్సెక్కి శ్రీ సిటీలో ఒక ఫోన్ల ఫ్యాక్టరీకి పోయి స్క్రూలు బిగించి వస్తుంది.

మేం చేసేదాన్ని పాప్ పంక్ అంటారు. గిటారు తీగల మీద మూడే మూడు కార్డ్స్ పట్టుకుని, వీలైనంత వేగంగా వాయిస్తూ, లోకం మీదున్న కోపమంతా అరిచి పాడాలి. అయినా వినేవాళ్ల కాలు దానంతటదే ఆడాలి. కోపం మాకు పుష్కలంగా ఉంది. కాలి సంగతి మాత్రం ఇంతవరకూ తేలలేదు.

పాటలన్నీ మొదట నేనే రాసేదాన్ని. ప్రతి పాటలోనూ పితృస్వామ్యం అనే మాట ఉండేది. దాన్ని అరవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. "ఆ మాట నువ్వు పలికేలోపల నేను రెండు రౌండ్లు కొట్టేస్తా ఉండా" అని స్టెల్లా విసుక్కునేది. చివరికి జనం వినదగ్గ పాట ఒకటి తయారైంది. అది కోమలి రాసింది, బస్సులో నిలబడి, ఫోన్లో.

బస్సు నిండా కమ్మీలుండాయి,
నా నడుమే దొరికినాదా?
సెయ్యి తియ్, సెయ్యి తియ్,
తియ్యకుంటే ఇరిసేస్తా!

ఈ పాటలో సిద్ధాంతం తక్కువైందని నేను కొన్నాళ్లు గొణిగాను. ఎవరూ పట్టించుకోలేదు.

మా బ్యాండుకు ఒకే ఒక నియమం. ఎక్కడ వాయించినా ఆడవాళ్లు ముందు నిలబడాలి, మగవాళ్లు వెనక్కి పోవాలి. రెండేళ్లలో ఈ నియమం అమలైన సందర్భం ఒక్కటీ లేదు. కాలేజీ ఫెస్టులో ముందు వరుసంతా ఫోన్లు పట్టుకున్న మగపిల్లలే. ఒక కాఫీ షాపు ప్రారంభానికి పిలిస్తే, ఓనరు మొదటి పాటకే వచ్చి, శుభమా అని షాపు తెరుస్తున్నాం, ఒక భక్తిపాట అందుకోండమ్మా అన్నాడు. మహిళా దినోత్సవం రోజు మాత్రం నిజంగానే ముందంతా ఆడవాళ్లు. ముగ్గుల పోటీ ఫలితాలు చెప్పగానే ప్రైజు డబ్బాలు చంకన పెట్టుకుని లేచి వెళ్లిపోయారు.

ఇక కోమలి వాళ్ల నాయన సంగతి చెప్పాలి. మాకున్న అసలు భయం ఆయనే. పేరు పెంచలయ్య. చెరుకు, రెండు ఆవులు, తక్కువ మాటలు. కూతుర్ని ఉద్యోగానికి పంపడానికి నెలల తరబడి ఆలోచించి, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. హాస్టలు నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి హాస్టలుకు, అంతే. మూడో చోటు కనబడిందంటే ఆ రోజే మూటాముల్లె సర్దించి ఇంటికి తీసుకుపోతాడు. ఉద్యోగం పోతుంది, బ్యాండూ పోతుంది. అందుకని ఆదివారాలు ఆయన లెక్కలో కోమలికి ఓవర్‌టైము.

పోయిన మే నెలలో ఒక పొద్దున మునిప్రసాదన్న ఫోన్ చేశాడు. స్టెల్లా వాళ్ల వీధిలో మైకుసెట్లు అద్దెకిస్తాడు. గంగజాతరకు ట్రాక్టరు మీద పాట కచేరీ ఒప్పుకున్నాడట. చిత్తూరు నుంచి రావాల్సిన ఆర్కెస్ట్రావాళ్లు చెయ్యిచ్చారు.

"మీరు పాడతారామ్మా?" అన్నాడు.

"అన్నా, మా పాటల్లో తిట్లుంటాయి" అన్నాను, కొంచెం గర్వంగానే.

"తిట్లేనా? ఇంకా మంచిది కదమ్మా. అమ్మోరికి తిట్లంటేనే కదా ఇష్టం. రాండి రాండి."

నా ముఖం వాడిపోయింది. రెండేళ్లుగా మా నోటికి సమాజం అదిరిపోతోందని నా నమ్మకం. తిరుపతిలో పుట్టి పెరిగి కూడా నాకు జాతర గుర్తుకు రాలేదు. జాతరలో వేషాలు కట్టినవాళ్లు ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ బూతులు తిడతారు. తిట్టించుకున్నవాళ్లు కోప్పడకూడదు, చేతులు జోడించి నిలబడాలి. వేషం మీద ఉన్నంతసేపు ఆ మనిషి అమ్మవారే. మేం ప్రపంచంలో ఎవరూ చేయని పని చేస్తున్నామనుకుంటుంటే, మా నాయనమ్మ వాళ్ల కాలంలోనే పసుపూ కుంకుమా పూసుకుని ఆ పని చేసేశారు.

కోమలికి మాత్రం వేరే భయం పట్టుకుంది. "మా నాయన వస్తాడు మే జాతరకి. మా యమ్మ పుట్టిల్లు ఈడనే కదా. ఏందో మొక్కు ఉండాదంట, ఏందంటే సెప్పడు."

ఇలాంటప్పుడే నా బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. మనమూ వేషాలు కడదామన్నాను. ముగ్గురం మగవేషం కడదాం, ప్యాంటూ చొక్కా తలపాగా, మీసాలు. మీసం వెనకున్న కోమలిని దేవుడు కూడా గుర్తుపట్టడు. ఆపైన ఆడ ఏమిటి, మగ ఏమిటి, అన్నీ సమాజం తొడిగిన వేషాలే కదా అంటూ ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"కోమలి వాళ్ల నాయన గుర్తుపట్టకూడదని కదా ఇదంతా?" అంది స్టెల్లా.

"అదీ ఒక కారణం" అన్నాను.

జాతర రోజు ఎండ మండిపోతోంది. గుడికి పోయే వీధి మలుపులో ట్రాక్టరు ట్రైలరు నిలబెట్టి, దాని మీద మమ్మల్ని ఎక్కించాడు మునిప్రసాదన్న. డ్రమ్స్ మీదున్న శిలువ స్టిక్కరును స్టెల్లా ఒక తువ్వాలుతో భద్రంగా కప్పి, రెండు వైపులా ముడి వేసింది. ఐబ్రో పెన్సిలుతో దిద్దుకున్న మీసాలు మొదటి పావుగంటకే చెమటకు కరిగి గడ్డాలయ్యాయి. మీసానికి కళ్లద్దాలు నప్పవని నేను నా అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. నాకు దూరం ఆనదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా అందం ముఖ్యమనుకున్నాను.

జనంలో పెంచలయ్య కోసం చూడాల్సిన పని స్టెల్లాది. తెల్ల చొక్కా, పంచె, భుజాన పచ్చ తువ్వాలు అని కోమలి ఆనవాళ్లు చెప్పింది. ఆ మనిషి కనబడితే స్టెల్లా డ్రమ్స్ పక్కనున్న కంచుతాళం మోగించాలి, కోమలి వెంటనే డ్రమ్స్ వెనక కూర్చోవాలి. ఎంత వెతికినా అలాంటి మనిషి కనబడలేదు. మేం నిశ్చింతగా మొదలుపెట్టాం.

మైకు పట్టుకుని నా అలవాటు ప్రకారం అరిచాను. "ఆడోళ్లందరూ ముందుకి రాండి! మగోళ్లు ఎనక్కి పోండి!"

వచ్చారు! గుంపులోంచి చీరలు కదిలాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, జరీ అంచులు, మల్లెపూలు, గాజులు. ఒకరినొకరు తోసుకుంటూ ట్రైలరు దాకా వచ్చి నిలబడ్డారు. రెండేళ్ల నుంచి పిలుస్తున్నాను, ఇన్నాళ్లకు వచ్చారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. "అక్కలారా, చెల్లెళ్లారా, ఈ వీధి మనది, ఈ ఒళ్లు మనది, ఇన్ని వేల ఏళ్లుగా మనల్ని వెనక నిలబెట్టినవాళ్లకు ఈరోజు..." అని ఇంకా ఏమేమో అన్నాను.

"ఓ..." అని ముందు వరుస బదులిచ్చింది. ఆ గొంతు ఆబోతు రంకెలా ఉంది.

జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాను. ముందు వరుస నిండా మీసాలు. పసుపు పూసిన బుగ్గల కింద గడ్డాలు. జాకెట్లలో ఇరుక్కున్న బానపొట్టలు. మొక్కు ఉన్న మగవాళ్లు చీర కట్టుకుని వస్తారన్న సంగతి ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఎటొచ్చీ ఉపన్యాసం మధ్యలో నాకేదీ గుర్తుండదు. నిజం ఆడవాళ్లు ఎప్పటిలాగే వెనక ఉన్నారు, మొగుళ్ల ప్యాంట్లు, హెల్మెట్లు, చెప్పులు సంచుల్లో పెట్టుకుని.

"అక్కా, మీరు రాండక్కా ముందుకి!" అని బతిమాలాను.

వెనకనుంచి ఒకామె కేకేసింది. "నా సీర ముందరే ఉండాది కదమ్మా, సాల్దా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, కానీ లోపల ఎక్కడో కుంగిపోయాను. ఇంత పిలుపు పిలిస్తే చివరికి ముందుకొచ్చింది చీరలు. కోమలి నా పక్కకు వంగి, "ఇంక మొదులుపెట్టు మే, నా మీసం కారిపోతా ఉండాది" అంది.

బస్సు పాట అందుకున్నాం. ఏం చెప్పమంటారు, ఆ రోజు ఆ పాట లేచిపోయింది. పల్లవి రెండోసారి వచ్చేసరికి ముందు వరుసలో మగవాళ్లంతా గాజుల చేతులు పైకెత్తి, "సెయ్యి తియ్, సెయ్యి తియ్" అని ఊగిపోతూ పాడుతున్నారు. ఏం పాడుతున్నారో ఒక్కరికీ పట్టినట్టు లేదు. అమ్మవారి పాటే అనుకున్నారు. పుణ్యం కొద్దీ గొంతు చించుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడు ముందు వరుసలో ఆవపువ్వు రంగు పట్టుచీర కట్టుకున్న ఒక బక్కపలచని మనిషి పాట ఆపి బిగుసుకుపోయాడు. అతని వెనక ఒక కుర్రాడు తప్పతాగి ఉన్నాడు. వాడి చెయ్యి పట్టుచీర నడుము మీద ఉంది. చీర మనిషి ఒక పక్కకు జరిగాడు. చెయ్యీ జరిగింది. ఇటు జరిగాడు. ఇటూ వచ్చింది. అప్పుడతను వెనక్కి తిరిగి, "సెయ్యి తియ్‌రా!" అని అరిచి ఫెడీమని ఒక్కటి ఇచ్చాడు. కుర్రాడు జనంలో పడి మాయమయ్యాడు. ఆ విసురుకు చీర కుచ్చిళ్లు జారిపోయాయి. పాడేవాళ్లకు ఇవేమీ పట్టలేదు.

బేస్ ఆగిపోయింది. చూస్తే కోమలి ట్రైలరు అంచున నిలబడి ఉంది.

"అది మా యమ్మ సీర" అంది. "నా మొదటి జీతంతో నేను కొనిచ్చిన సీర."

నేను చెయ్యి పట్టుకునేలోపలే దూకేసింది. వెళ్లి ఆ మనిషి ముందు మోకాళ్ల మీద కూర్చుని, కుచ్చిళ్లు చకచకా మడిచి, తన గిటారు బెల్టుకున్న పిన్నీసు పీకి గుచ్చింది. పైకి చూసింది. ఆయన కిందికి చూశాడు. పసుపు, కాటుక, ముక్కుకు అతికించిన పుడక, వాటన్నిటి మధ్య పెంచలయ్య కళ్లు. నల్లగా కారుతున్న మీసం వెనక కోమలి కళ్లు.

తెల్ల చొక్కా కోసం వెతికిన స్టెల్లా, "ఓరి నాయనో" అని ఆలస్యంగా తాళం మోగించింది. జనం దాన్ని కూడా మెచ్చుకుని ఈల వేశారు. పాట ఆగితే గొడవవుతుందని తను ఒక్కతే డ్రమ్స్ వాయిస్తూ పోయింది. జనం ఎగురుతూనే ఉన్నారు. నేను మైకుతో సహా దిగాను.

"నువ్వు ఈడ ఏం సేస్తా ఉండావు మే?" అన్నాడు పెంచలయ్య.

"నువ్వేం సేస్తా ఉండావు నాయనా?"

"మొక్కు." కొంగు సవరించుకున్నాడు. "నీ ఉద్యోగం నిలబడాలని మొక్కినా. సీర కట్టుకోని వస్తానని. నీకు సెప్పేదానికి సిగ్గేసింది."

"నాకూ సెప్పేదానికి బయమేసింది."

ఆయన ఇంకా నడుము తుడుచుకుంటూనే ఉన్నాడు. చెయ్యి అక్కడినుంచి రావడం లేదు. "ఆ పాట ఎవురు రాసింది?" అని అడిగాడు.

"నేనే."

"జరిగిందా, ఊరికే రాసినావా?"

"జరిగింది."

"బస్సులోనా?"

"ఊ. పొద్దున బస్సులో."

మా పాట ఒక్క మగవాడి మనసులోకైనా దిగాలని రెండేళ్లుగా కలలు కంటున్నాను. పెంచలయ్య ప్రతి మాటా నమ్మాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు, ఈయన మాత్రం నమ్మాడు. నమ్మి కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"పా, ఇంటికి పోదాం. ఆ ఉద్యోగమూ వద్దు, ఆ బస్సూ వద్దు. నీ గుడ్డలు తీసుకో, ఈపొద్దే పోదాం."

బ్యాండు చరిత్రలో మేం మార్చగలిగింది ఒక్క మనిషిని. ఆయన కాస్తా తిన్నగా వ్యతిరేక దిక్కుకు మారాడు. ఈ ఘట్టం కోసం నేను ఎప్పటినుంచో ఒక ప్రసంగం తయారుచేసి పెట్టుకున్నాను. వయసొచ్చిన అమ్మాయి హక్కులతో మొదలవుతుంది, మధ్యలో రాజ్యాంగం వస్తుంది. గొంతు సవరించుకుని, "పెంచలయ్యగారూ, ఇదే పితృస్వామ్యం..." అన్నాను.

మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట వీధి వీధంతా మోగింది. కొత్త తిట్టు కాబోలనుకుని ముందు వరుస పూనకంతో అందుకుంది. "ఓరి పితృస్వామ్యమా!" అని ఒకాయన పక్కాయన్ని తిట్టాడు. పక్కాయన చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. నేను మైకు కట్టేశాను.

కోమలి చెయ్యి విడిపించుకోలేదు. అరవలేదు కూడా. ముగ్గురిలో దానికే నోరు తక్కువ. తండ్రి ముఖంలోకి చూసి మెల్లగా అంది.

"ఇంటికి పొయ్యేదానికీ బస్సే కదా నాయనా ఎక్కాల్సింది?"

పెంచలయ్య తలలో బస్సులన్నీ ఒకదాని వెనక ఒకటి రావడం నాకు కనబడింది. ఐరాల బస్సు, చిత్తూరు బస్సు, సంతకు పొయ్యే బస్సు, పెళ్లిళ్లకు పొయ్యే బస్సు. పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

అప్పటికి తాయమ్మ వచ్చింది. కోమలి వాళ్లమ్మ. ఒక చేతిలో పెంచలయ్య పంచె, చొక్కా, పచ్చ తువ్వాలు ఉన్న సంచి. ఇంకో చేతిలో ఆయన చెప్పులు. ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "కనుక్కున్న్యారా ఇద్దురూ" అంది.

"నీకు తెలుసునా?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"ఈయప్పకి సీర కట్టింది నేనే కదా. నీ హాస్టలు మంచం కింద గిటారు సూసిందీ నేనే. ఒకరిది ఒకరికి సెప్పొద్దని గమ్మునుండా." ఇంతలో ఆమె చీర వైపు చూసింది. "యాడన్నా సినిగిందా?"

మొక్కు ఇంకా తీరలేదు. గుడికి పోయి దణ్ణం పెట్టుకునే దాకా చీర విప్పకూడదు. గుడి ఆ వీధి చివరే, కానీ మధ్యలో ఇసకేస్తే రాలనంత జనం. పెంచలయ్య ఒక అడుగు వేసి ఆగాడు. ఇంకొకటి వేయబోయి మళ్లీ ఆగాడు. ఎవరో రాసుకుని పోతే ఉలిక్కిపడ్డాడు. చెరుకుతోటలో పాము కనబడితే కర్ర కోసం కూడా వెతకని మనిషని కోమలి చెప్పేది.

"నాకు బయంగా ఉండాది" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ పూట మొత్తంలో నాకు నవ్వు రాని సంగతి అదొక్కటే.

కోమలి గిటారు నా చేతిలో పెట్టింది. తండ్రి కుడిచెయ్యి పట్టుకుని మోచేతి దగ్గర మడిచి, ఒంటికి కాస్త ఎడంగా నిలబెట్టింది. "ఇట్ల పెట్టుకో. మెత్తగా పెట్టుకుంటే తోసేస్తారు, గట్టిగా పెట్టు. కొంగు ఈ సేత్తో ముందరికి లాక్కో. ఎవురి మొకమూ సూడొద్దు, గుడి పక్కే సూడు. ఎవుడన్నా తగిలితే మోచేత్తో ఒకటి పొడువు, ఆగొద్దు, పోతానే ఉండు."

ఆయన బుద్ధిగా మోచెయ్యి పెట్టుకుని నడిచాడు. పక్కన మీసంతో కోమలి, వెనక సంచితో తాయమ్మ, ఆ వెనక రెండు గిటార్లు మోసుకుంటూ నేను. కాసేపు నడిచాక పెంచలయ్య తల తిప్పకుండానే అడిగాడు.

"రేపు బస్సుకి పోతావా?"

"పోతా నాయనా."

"ఊ" అన్నాడు. ఇంటికి పోదామన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఇంకో నాలుగడుగులు వేశాక, "దినామూ ఇట్లనేనా పొయ్యేది, మోచెయ్యి పెట్టుకోని?"

"దినామూ."

పెంచలయ్య ఆగిపోయాడు. ఆగొద్దని చెప్పినా ఆగాడు. వెనక్కి తిరిగి, సంచీ చెప్పులూ పట్టుకుని వస్తున్న పెళ్లాన్ని చూశాడు. ఆమె మోచెయ్యి కూడా అచ్చం అలాగే, ఒంటికి ఎడంగా, గట్టిగా ఉంది.

"నువ్వు కూడానా?" అన్నాడు.

"ఇప్పుడా అడిగేది?" అంది తాయమ్మ. "నడువు, ఎండగా ఉండాది."